యంత్రానికీ ఒక పుట్టుమచ్చ: కంప్యూటరు గుర్తింపు సంఖ్యలు, వాటిని చూపే మెనూ ప్రోగ్రాములు

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలోని సర్జాపుర ఒకప్పుడు సన్నని మస్లిన్ వస్త్రాల నేతకు పేరొందిన ఊరు. నేడు ఆ పేరు చెప్పగానే అందరికీ కంప్యూటరు సంస్థలే గుర్తుకు వస్తాయి. సర్జాపుర రోడ్డులోని దొడ్డకన్నెల్లిలో విప్రో ప్రధాన కార్యాలయం ఉన్నది. ఊరికి సమీపాన బూరుగుంటెలో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉన్నది. బాగలూరు దారి పట్టి కొంతదూరం వెళ్లితే తమిళనాడులోని హొసూరు తాలూకా వస్తుంది. మాలూరు వైపు తిరిగితే కోలారు జిల్లా. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినిపించే ప్రాంతమిది.

సంస్థలు వాడి విడిచిన ల్యాప్‌టాప్‌లు చేతులు మారి ఈ సరిహద్దు గ్రామాలకు చేరుతున్నాయి. పిల్లల చదువు కోసం కొత్త కంప్యూటరు కొనలేని కుటుంబాలు పాతదానినే కొంటున్నాయి. కొనేవారు తెర పగిలినదా, బ్యాటరీ నిలుస్తుందా అని చూస్తారు. యంత్రం లోపల వ్రాసి ఉన్న గుర్తింపు సంఖ్యలను మాత్రం చూసేవారు తక్కువ. ఆ యంత్రం ఎవరిది, దొంగ సొత్తా కాదా, రేపు ఇంటర్నెట్టుకు కలిపినపుడు పనిచేస్తుందా అనే ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఆ సంఖ్యలలోనే ఉన్నది. ఆ సంఖ్యలు ఏవి, వాటిని చూపే ప్రోగ్రాములు ఎట్లా ఉంటాయి, వాటిని మార్చే ప్రోగ్రాముల వలన వచ్చే చిక్కులేమి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

గుర్తింపు సంఖ్య అనగానేమి?

పదవ తరగతి సర్టిఫికెట్టులో విద్యార్థి పేరు, పుట్టిన తేదీతో పాటు పుట్టుమచ్చలు కూడా వ్రాస్తారు. ఒకే పేరు గలవారు పదిమంది ఉండవచ్చును గాని పుట్టుమచ్చలు కలియవు. పాడి పశువు చెవికి వేసే పసుపు బిళ్లపై 12 అంకెల సంఖ్య ఉంటుంది. మోటారు వాహనానికి 17 అక్షరాంకెల చాసిస్ నంబరు ఉంటుంది. ఒకే సంస్థ, ఒకే మోడలు, ఒకే రంగు గల రెండు బండ్లను వేరు చేసేది ఆ నంబరే.

కంప్యూటరుకు ఇట్టి సంఖ్య ఒకటి కాదు, అనేకం ఉంటాయి. అది పలు భాగాల కూర్పు గనుక తయారీదారులు ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క సంఖ్యను ఇస్తారు. వాటిలో కొన్ని చిప్పులో స్థిరంగా వ్రాయబడి ఉంటాయి. కొన్ని మదర్‌బోర్డుపై గల బయోస్ అనే చిన్న జ్ఞాపకశాలలో ఉంటాయి. మరికొన్ని కేవలం విండోస్ ఇచ్చినవే.

ముఖ్యమైన సంఖ్యలు

1. సీరియల్ నంబరు: తయారీ సంస్థ ఆ యంత్రానికి ఇచ్చినది. ల్యాప్‌టాప్ అడుగున అంటించిన కాగితంపైన, బయోస్ లోపల, కొన్నప్పటి బిల్లుపైన ఒకే విధంగా ఉండవలెను. వారంటీ దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

2. యూయూఐడి: 128 బిట్ల సంఖ్య. 32 అక్షరాంకెలుగా, నడుమ అడ్డగీతలతో కనిపిస్తుంది. ఇది మదర్‌బోర్డుకు సంబంధించినది.

3. మ్యాక్ అడ్రసు: నెట్‌వర్కు కార్డు సంఖ్య. 12 అక్షరాంకెలు, రెండేసి చొప్పున 00-1ఎ-2బి-3సి-4డి-5ఇ అనే తీరులో ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో వైరు కార్డుకు ఒకటి, వైఫైకి ఒకటి, బ్లూటూత్‌కు ఒకటి వేరువేరుగా ఉంటాయి.

4. హార్డ్‌డిస్కు సీరియల్ నంబరు: డిస్కు తయారీదారు ఇచ్చినది. డిస్కును విప్పి మరొక యంత్రంలో బిగించినా ఈ సంఖ్య దానితోనే వెళ్తుంది.

5. వాల్యూమ్ నంబరు: ఇది డిస్కు సంఖ్య కాదు. డిస్కును ఫార్మాట్ చేసినపుడు విండోస్ కొత్తగా ఇచ్చే 8 అక్షరాంకెల సంఖ్య. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ మారుతుంది గనుక యాజమాన్యానికి సాక్ష్యంగా పనికిరాదు. పై దానికీ దీనికీ చాలామంది తేడా తెలియక పొరబడతారు.

6. ఐఎంఈఐ: సెల్‌ఫోనుకు, సిమ్ కార్డు వేసే ట్యాబ్లెట్టుకు ఉండే 15 అంకెల సంఖ్య. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు సంఖ్యలు ఉంటాయి.

మ్యాక్ అడ్రసులో 0 నుండి 9 వరకు అంకెలు, ఎ నుండి ఎఫ్ వరకు ఆంగ్ల అక్షరాలు మాత్రమే వస్తాయి. కనుక అందులో గుండ్రంగా కనిపించేది ఎల్లప్పుడూ సున్నయే, 'ఓ' అక్షరం కాదు. 8 అంకెను, 'బి' అక్షరాన్ని మాత్రం జాగ్రత్తగా చూసి వ్రాసుకొనవలెను.

కొంత చరిత్ర

ఒకే తీగపై అనేక కంప్యూటర్లు మాటలాడుకొనే ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రభృతులు రూపొందించారు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి దీనికి ప్రమాణాన్ని ప్రకటించినపుడు 48 బిట్ల చిరునామా స్థిరపడినది. మొత్తం సుమారు 281 లక్షల కోట్ల చిరునామాలు ఇందులో సాధ్యం. మొదటి 6 అక్షరాంకెలు తయారీదారును తెలుపుతాయి. వాటిని ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం కేటాయిస్తుంది. చివరి 6 అక్షరాంకెలను తయారీదారు తన ఒక్కొక్క కార్డుకు వేసుకొంటాడు. అట్లు ఒక కేటాయింపులో 1,67,77,216 కార్డులకు సంఖ్యలు వేయవచ్చును.

1999లో ఇంటెల్ సంస్థ పెంటియం 3 ప్రాసెసరులో 96 బిట్ల సీరియల్ నంబరును ఉంచినది. ఇంటర్నెట్టులో ఎవరు ఏమి చూస్తున్నారో ఈ సంఖ్య ద్వారా కనిపెట్టవచ్చునని పౌరహక్కుల సంఘాలు తీవ్రంగా ఆక్షేపించినవి. తరువాతి తరం ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ ఏర్పాటును విడిచిపెట్టినది. గుర్తింపు సంఖ్య యజమానికి రక్షణ అయినట్లే, పరుల చేతిలో పడితే నిఘా సాధనం కూడా కాగలదని ఆనాడే తేలినది.

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పి యంత్రంలోని పది భాగాల వివరాలను కలిపి ఒక సంకేతంగా మార్చి, దానిని లైసెన్సుకు ముడివేసినది. ఒకే సీడీని ఊరందరూ వాడుకొనకుండా చేసిన ఏర్పాటు ఇది. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి డిజిటల్ లైసెన్సు పద్ధతి వచ్చినది. ఇందులోనూ మదర్‌బోర్డు మారితే విండోస్ ఆ యంత్రాన్ని కొత్తదిగా భావించును.

మెనూ ప్రోగ్రాము స్వరూపం

కన్సోల్ అనగా బొమ్మలు లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే నల్లని తెర. విండోస్‌లో దీనిని కమాండ్ ప్రాంప్ట్ అంటారు. దీనిలో ఆజ్ఞలను అక్షరం తప్పకుండా టైపు చేయవలెను. అవి గుర్తుండనివారి కోసం వరుస సంఖ్యలతో ఒక పట్టికను తెరపై చూపి, ఒక్క అంకె నొక్కితే పని జరిగేటట్లు చేసినదే మెనూ ప్రోగ్రాము. మౌస్ అవసరం లేదు. చాలా పాత యంత్రంలో కూడా నడుస్తుంది. పాత కన్సోల్ తెరపై తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగా కూడవు గనుక మెనూ సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. దాని అర్థం ఈ విధంగా ఉంటుంది:

1 – యంత్రం తయారీదారు, మోడలు చూపుము
2 – సీరియల్ నంబరు చూపుము
3 – మదర్‌బోర్డు వివరాలు చూపుము
4 – హార్డ్‌డిస్కు సంఖ్య చూపుము
5 – మ్యాక్ అడ్రసులు చూపుము
6 – అన్నిటినీ ఒక ఫైలులో భద్రపరచుము
0 – వెలుపలికి

ఇట్టి ప్రోగ్రామును ప్లస్ టూ చదివే విద్యార్థి కూడా ఒక పూటలో వ్రాయగలడు. ఎందుకనగా సంఖ్యలను చదివే ఆజ్ఞలన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. మెనూ వాటిని పిలుస్తుంది, అంతే. ఉదాహరణకు మ్యాక్ అడ్రసు చూపే ఆజ్ఞ పేరు 'గెట్‌మ్యాక్'. ఆంగ్లంలో జి, ఇ, టి, ఎం, ఎ, సి అనే ఆరు అక్షరాలను ఎడము లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలును. సీరియల్ నంబరు కోసం వెనుక 'డబ్ల్యుఎంఐసి' అనే ఆజ్ఞను వాడేవారు. విండోస్ 11 ఇటీవలి వెర్షన్లలో అది ముందుగా అమర్చి ఉండుట లేదు గనుక పవర్‌షెల్‌ను ఆశ్రయించవలెను. అందుచేత పాత మెనూ ప్రోగ్రాములు కొత్త యంత్రంలో 2వ అంకె నొక్కగానే 'ఆజ్ఞ తెలియదు' అని చూపవచ్చును. అది యంత్రపు దోషం కాదు. లినక్స్‌లో ఈ పనిని 'డిఎంఐడీకోడ్' అనే ప్రోగ్రాము చేస్తుంది.

అంగడిలో విడిభాగాలు కూర్చి చేసిన డెస్క్‌టాప్‌లో సీరియల్ నంబరు అడిగితే, 'తయారీదారు పూరించవలెను' అనే అర్థం గల ఆంగ్ల వాక్యం కనిపించవచ్చును. మదర్‌బోర్డు చేసిన సంస్థ ఖాళీగా విడిచిన గడిని కూర్చినవారు పూరించలేదని దాని భావం. అట్టి యంత్రానికి మదర్‌బోర్డు సంఖ్యను, హార్డ్‌డిస్కు సంఖ్యను, మ్యాక్ అడ్రసును వ్రాసుకొనవలెను.

వ్రాసే ప్రోగ్రాములు: న్యాయమైన అవసరం

పై మెనూలో ఉన్నవన్నీ 'చూపుము' అనేవే. సంఖ్యలను వ్రాసే మెనూలు కూడా ఉన్నాయి. అవి మొదట పుట్టినది మరమ్మతు కేంద్రాల అవసరం కోసమే. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోతే కొత్త బోర్డు వేస్తారు. కొత్త బోర్డులో సీరియల్ నంబరు గడి ఖాళీగా ఉంటుంది. వారంటీ చెల్లుటకు, యంత్రం తన పూర్వపు పేరుతోనే ఉండుటకు, అడుగున అంటించిన కాగితంపై గల సంఖ్యనే బోర్డులో తిరిగి వ్రాయవలెను.

థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు దీనికి మంచి ఉదాహరణ. వీటిని మొదట ఐబిఎం చేసేది, 2005 నుండి లెనోవో చేస్తున్నది. మరమ్మతుదారుల కోసం ఒక నిర్వహణ డిస్కెట్టును ఇచ్చేవారు. దానితో యంత్రాన్ని ప్రారంభిస్తే మెనూ వస్తుంది. అందులో సీరియల్ నంబరును చదువుట, వ్రాయుట, యూయూఐడిని కేటాయించుట అనే అంశాలుంటాయి. బోర్డు మార్చక ముందే పాత సంఖ్యలను చదివి ఉంచుకొనవలెనని, మార్చిన తరువాత వాటినే తిరిగి వ్రాయవలెనని మరమ్మతు పుస్తకం చెబుతుంది. ఇందులో గమనించదగిన విశేషమొకటి ఉన్నది. యంత్రంలో అప్పటికే చెల్లుబాటయ్యే యూయూఐడి ఉంటే, ఆ ప్రోగ్రాము దానిపై మరొకటి వ్రాయదు. పోయిన పేరును తిరిగి నిలుపుటకే అది ఏర్పడినది, ఉన్న పేరును తుడుచుటకు కాదు.

దుర్వినియోగం

ఇంటర్నెట్టులో 'స్పూఫర్' పేరుతో దొరికే మెనూ ప్రోగ్రాములు దీనికి పూర్తిగా విరుద్ధం. ఉన్న సంఖ్యను మరుగుపరచి కల్పిత సంఖ్యను చూపుటే వాటి పని. వీటి కోసం ఎక్కువగా వెదికేది ఆటలాడే పిల్లలు. వాలరెంట్ వంటి ఆన్‌లైన్ ఆటలలో మోసం చేసినవారి ఖాతాతో పాటు యంత్రాన్ని కూడా నిషేధిస్తారు. కొత్త ఖాతా తెరచినా ప్రవేశం ఉండదు. అప్పుడు పిల్లలు యంత్రపు సంఖ్యను మార్చే దారి వెదుకుతారు.

ఈ ప్రోగ్రాములు నడుచుటకు ముందు యాంటీవైరస్‌ను ఆపుమని, సెక్యూర్ బూట్‌ను తీసివేయుమని, అడ్మినిస్ట్రేటరు అనుమతి ఇమ్మని అడుగుతాయి. ఆ మూడూ ఇచ్చిన తరువాత యంత్రం మొత్తం ఆ ప్రోగ్రాము చేతిలోనికి పోయినట్లే. పాస్‌వర్డులను దొంగిలించే వైరసులు ఇట్టి ప్రోగ్రాముల వెంట రావడం సాధారణం. ఇంటిలో ఉన్నది ఒకే కంప్యూటరు. కొడుకు ఆటలాడేదీ, తండ్రి బ్యాంకు పని చూసేదీ, కూతురు స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపేదీ దానిలోనే. ఆట కోసం తెరచిన తలుపు అందరికీ తెరచినట్లే.

సంఖ్య మార్చిన యంత్రానికి వేరే చిక్కులు కూడా కలుగుతాయి. విండోస్ లైసెన్సు చెల్లకపోవచ్చును. అంగడి కాగితంపై సంఖ్య, లోపలి సంఖ్య కలియక వారంటీ పోవచ్చును. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న యంత్రంలో బయోస్‌ను కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేనివారికి ఫోటోలు, పాఠాలు, పత్రాలు ఏవీ తిరిగి రావు.

అయితే ప్రతి మార్పూ మోసమని చెప్పరాదు. సెల్‌ఫోన్లలో 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుండి వైఫై మ్యాక్ అడ్రసును ఒక్కొక్క నెట్‌వర్కుకు ఒక్కొక్క విధంగా చూపే పద్ధతి సాధారణమైనది. బస్టాండు వైఫైలో, హోటలు వైఫైలో మనిషి కదలికలను ఎవరూ వెంబడించకుండా చేసిన ఏర్పాటు అది. అసలు సంఖ్య చెక్కుచెదరక లోపలనే ఉంటుంది.

సంస్థల పాత ల్యాప్‌టాప్‌లు

సరిహద్దు గ్రామాలవారికి ముఖ్యమైన అంశమిది. 2017లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఆటోపైలట్ అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. సంస్థ తన ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ వివరాలను ఒక సంకేతంగా మార్చి ముందే నమోదు చేస్తుంది. ఆ తరువాత డిస్కు తుడిచి విండోస్ మళ్లీ వేసినా, ఇంటర్నెట్టుకు కలిపిన వెంటనే ఆ సంస్థ పేరుతో లాగిన్ తెర వస్తుంది. సంస్థ తన నమోదును తొలగించే వరకు కొన్నవారికి ఆ చిక్కు తప్పదు.

అంగడిలో ఇంటర్నెట్టు లేకుండా చూపినపుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి, మరొకసారి విండోస్ వేసిన నాడు బయటపడుతుంది. అప్పుడు సంఖ్య మార్చి ఇస్తామనేవారు ఎదురవుతారు. అది చిక్కును విప్పదు, పెంచుతుంది. సంస్థ న్యాయంగా అమ్మిన యంత్రమైతే నమోదు తొలగించమని అమ్మినవాని ద్వారా అడుగవచ్చును. సంఖ్య మార్చిన పిమ్మట ఆ యంత్రం ఫలానాదని చెప్పుటకే ఆధారం ఉండదు. న్యాయంగా కొన్నవాడు కూడా దొంగ సొత్తు దాచినవాని వలె నిలువవలసి వస్తుంది.

సెల్‌ఫోను విషయంలో చట్టం

సంఖ్యలను వ్రాసే ప్రోగ్రాములను మన దేశంలో ఒకసారి అనుమతితోనే వాడినారు. 2009లో ఐఎంఈఐ లేని చవక చైనా ఫోన్లు దేశమంతటా ఉండేవి. భద్రత దృష్ట్యా, సరియైన ఐఎంఈఐ లేని ఫోన్లకు 2009 నవంబరు 30 తరువాత సేవలు నిలిపివేయవలెనని టెలికాం శాఖ ఆదేశించినది. పేదలు కొన్న ఫోన్లు మూలపడకుండా, టెలికాం సంస్థల సంఘం ఆధ్వర్యంలో 199 రూపాయల రుసుముతో నిర్ణీత కేంద్రాలలో అసలైన సంఖ్యను ప్రోగ్రాము ద్వారా ఎక్కించారు. పేరు లేని ఫోనుకు పేరు పెట్టిన పని అది.

ఉన్న పేరును మార్చుట వేరు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాలతో ఐఎంఈఐని ఉద్దేశపూర్వకంగా తొలగించుట, మార్చుట చట్టవిరుద్ధమైనది. అట్టి మార్పుకు ఉపయోగపడే ప్రోగ్రామును తెలిసి కలిగి ఉండుట కూడా చట్టవిరుద్ధమే అయినది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షను 2024 జూన్ 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం టెలికాం గుర్తింపు సంఖ్యలను తారుమారు చేసినవారికి 3 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును. మార్చిన సంఖ్య అని తెలిసి అట్టి ఫోనును దగ్గర ఉంచుకొనుట కూడా నేరమే.

2020లో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో ఒక పోలీసు అధికారి ఫోను మరమ్మతుకు వెళ్లి వచ్చినది. పెట్టెపై ఉన్న ఐఎంఈఐ ఒకటి, ఫోనులో కనిపించినది వేరొకటి. విచారించగా అదే సంఖ్యతో దేశంలో 13 వేలకు పైగా ఫోన్లు నడుస్తున్నట్లు తేలినది. అందులో ఒకటి నేరంలో చిక్కితే తక్కినవారందరికీ అనుమానం అంటుతుంది. 2023 జనవరి 1 నుండి దేశంలో తయారైన ప్రతి ఫోను ఐఎంఈఐని మొదటి అమ్మకానికి ముందే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయవలెనన్న నిబంధన వచ్చినది.

సంఖ్య సరియైనదో కాదో లెక్క వేయుట

ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు మోడలును, తరువాతి 6 అంకెలు ఆ ఫోనును తెలుపుతాయి. చివరిది తనిఖీ అంకె. దానిని పిల్లలు కాగితంపై లెక్కించవచ్చును. నమూనా సంఖ్య 490154203237518 అనుకొందాము. మొదటి 14 అంకెలలో రెండవది, నాలుగవది, ఆరవది, ఇట్లు సరి స్థానాలలోని అంకెలను రెట్టింపు చేయవలెను. రెట్టింపు రెండంకెలైతే ఆ రెండింటినీ కూడవలెను. అనగా 9 రెట్టింపు 18, దానిని 1+8=9 అని తీసుకొనవలెను. అప్పుడు వరుస 4, 9, 0, 2, 5, 8, 2, 0, 3, 4, 3, 5, 5, 2 అవుతుంది. మొత్తం 52. తరువాతి పదుల సంఖ్య 60కి ఇంకా 8 కావలెను. ఆ 8యే చివరి అంకె.

వ్రాసుకొనుటలో ఒక్క అంకె తప్పినా ఈ లెక్క పట్టి చూపుతుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన ఫోను మంచిదని అర్థం కాదు. దొంగలు కూడా లెక్క కుదిరే సంఖ్యనే వేయగలరు.

కొనేటప్పుడు చూడవలసినవి

ల్యాప్‌టాప్ సీరియల్ నంబరును అడుగున గల కాగితంపైన, బయోస్ తెరపైన, మెనూ ప్రోగ్రాములో, బిల్లుపైన పోల్చవలెను. కాగితం గీకి ఉంటే, సంఖ్యలు కలియకపోతే కొనరాదు. బోర్డు మార్చినదని చెబితే ఆ మరమ్మతు రసీదు అడుగవలెను.

డబ్బు ఇచ్చే ముందే విండోస్‌ను రీసెట్ చేయించి, సొంత సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తో ఇంటర్నెట్టుకు కలిపి చూడవలెను. ఏదైనా సంస్థ లాగిన్ తెర వస్తే కొనరాదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నా, ఊరి సంతలో కొన్నా బిల్లుపై సీరియల్ నంబరు వ్రాయించుకొనవలెను. 'ల్యాప్‌టాప్ – ఒకటి' అని మాత్రమే వ్రాసిన బిల్లు సాక్ష్యానికి చాలదు.

ఫోనులో *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. ఆంగ్లంలో 'కెవైఎం' అని టైపు చేసి, ఎడము ఇచ్చి, ఐఎంఈఐ వ్రాసి 14422 నంబరుకు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. నిషేధించబడినది, నకలు, ఇప్పటికే వాడుకలో ఉన్నది అనే సమాధానం వస్తే ఆ ఫోను వద్దు.

పోయినపుడు చేయవలసినది

పోయిన ఫోన్లను నిలిపివేసే సీఈఐఆర్ అనే కేంద్ర పట్టిక 2019లో మహారాష్ట్ర, గోవా ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 మే నెలలో సంచార్ సాథీ పోర్టల్‌తో దేశమంతటికీ విస్తరించినది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకొని, ఫిర్యాదు ప్రతితో, ఐఎంఈఐతో ఆ పోర్టల్‌లో నమోదు చేయవలెను. ఆ ఫోను ఏ రాష్ట్రంలోనూ, ఏ సంస్థ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆగిపోతుంది. ఎవరైనా సిమ్ వేస్తే పోలీసులకు సమాచారం చేరుతుంది. దొరికిన తరువాత నిషేధాన్ని తొలగించుకొనవచ్చును.

సర్జాపుర సంతలో పోయిన ఫోను బాగలూరులో తేలవచ్చును. ఇల్లు తమిళనాడులో, దొంగతనం కర్ణాటకలో అయినపుడు ఏ ఠాణాకు పోవలెనన్న సందేహం సరిహద్దు కుటుంబాలకు సహజం. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం దొంగతనం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. దానిని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తరువాత అది సంబంధిత ఠాణాకు వెళ్తుంది. భాష మారినా, హద్దు మారినా అంకెలు మారవు. ఫిర్యాదులో బలమైన ఆధారం అవే.

ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ వంటి జాతీయ పట్టిక రక్షణ లేదు. కనుక దానికి ఇంటిలోని కాగితమే రక్షణ.

ఇంటి పుస్తకంలో ఒక పుట

రేషన్ కార్డు, పట్టా పాసుపుస్తకం ఉంచే చోటనే ఒక నోటుపుస్తకం ఉంచి, అందులో ఈ వివరాలు వ్రాసుకొనవలెను: కొన్న తేదీ, అంగడి పేరు, బిల్లు నంబరు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, యూయూఐడి, వైఫై మ్యాక్ అడ్రసు, హార్డ్‌డిస్కు సంఖ్య, బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల కీ, ఇంటిలోని ప్రతి ఫోనుకు రెండు ఐఎంఈఐలు. మెనూ ప్రోగ్రాము ఫైలులో భద్రపరచినా, ఆ ఫైలు అదే ల్యాప్‌టాప్‌లో ఉంటే దొంగతో పాటు అదీ పోతుంది. కాగితంపై వ్రాయుటయే మేలు. ఈ సంఖ్యల ఫోటోను వాట్సాప్ గుంపులలో పెట్టరాదు. పుట్టుమచ్చలు సర్టిఫికెట్టులో ఉండవలసినవే గాని ఊరంతా చాటవలసినవి కావు.

చదివే మెనూ, మార్చే మెనూ నల్లని తెరపై ఒకే తీరున కనిపిస్తాయి. రెంటిలోనూ వరుసగా అంకెలే ఉంటాయి. ఏ అంకె నొక్కితే 'చూపుము', ఏది నొక్కితే 'మార్చుము' అన్నది చదివి తెలుసుకొనకుండా కీబోర్డుపై వ్రేలు ఉంచరాదని పిల్లలకు చెప్పవలెను. నోటుపుస్తకంలో ఆ సంఖ్యలను వ్రాయు పనిని కూడా వారికే అప్పగించినచో, అంకెలు తప్పులేకుండా వ్రాయుట అలవడును, ఇంటి సొత్తుకు ఒక కాపలా కూడా ఏర్పడును.